భాగమతి కథ - పరిశోధకుని లెక్క

పురానాపూల్ దాటి మా బడికి వచ్చే పిల్లలందరికీ ఆ వంతెన కథ తెలుసు. భాగమతి కోసం మహమ్మద్ కులీ వరదలో మూసీ దాటాడనీ, కొడుకు ప్రాణానికి భయపడి ఇబ్రహీం కుతుబ్‌షా వంతెన కట్టించాడనీ చెబుతారు. చక్కని కథే. కాని వంతెన పూర్తయింది 1578లో. అప్పటికి రాకుమారుడికి పన్నెండో పదమూడో ఏళ్లు! ఈ తీసివేత చెయ్యకుండానే కథను చరిత్రగా ఎత్తి రాసుకున్న వ్యాసాలు ఎన్నో.

ప్రొఫెసర్ హరూన్ ఖాన్ షేర్వానీ ఈ లెక్క చూశారు. భాగమతి కల్పితమన్నారు. అంతటివారు అన్నారు కనుక సందేహం తీరిందనుకోవటమూ పాత జాడ్యమే. వంతెన కథ కూలినంత మాత్రాన భాగమతి లేదని రుజువవుతుందా? అక్బరు దూతగా దక్కనుకు వచ్చిన ఫైజీ, చార్మినారు లేచిన 1591 ప్రాంతంలోనే, భాగ్‌నగర్‌నూ ఆమెనూ ప్రస్తావించాడు. తరువాత ఫెరిష్తా రాశాడు. దగ్గరి కాలపు సాక్ష్యాలే. అయితే ఒకరిది మొగలు కొలువు, మరొకరిది బిజాపూరు కొలువు. చూసిందెంత, విన్నదెంత, పొరుగు రాజును చులకన చెయ్యటమెంత?

ఫెరిష్తాను చూసి పదిమంది రాస్తే అవి పది సాక్ష్యాలు కావు, ఒకటే. (పుస్తకాల పట్టిక పొడుగు చూసి మార్కులు వేసే మనకు ఇది రుచించదు.) పైగా నగరాన్ని భాగ్‌నగర్ అనటం వేరు, భాగమతి ఉండటం వేరు. టావెర్నియే వంటి యాత్రికులు మొదటిదానికే గట్టి సాక్షులు. నగరం పేరు మీద ఈనాడు వాదులాడే ఇరుపక్షాలూ ఈ రెండింటినీ కలిపేస్తున్నాయి.

పిల్లలు అడిగితే నేను రాకుమారుడు పుట్టిన ఏడు, వంతెన పూర్తయిన ఏడు నల్లబల్ల మీద రాసి ఊరుకుంటున్నాను.