రాగిరేకు మీద రాత

రాగికీ అక్షరానికీ మన దేశంలో ఏర్పడిన చెలిమి ఈనాటిది కాదు. రాజులు భూదానాలు చేసినప్పుడు ఆ దానం ఆచంద్రతారార్కం నిలిచి ఉండవలెనని రాగిరేకుల మీద చెక్కించేవారు. క్రీ.శ. 956 నాటి మాగల్లు తామ్రశాసనం మనకు దొరకకపోయి ఉంటే కాకతీయుల పూర్వీకులను గురించిన కథ చాలవరకు చీకటిలోనే ఉండిపోయేది. ఇటువంటి శాసనాలను గురించి ఏళ్ళ తరబడి తరగతిలో చెబుతూ వచ్చినవాడినే అయినా, ఈ కాలంలో కూడా రాగిరేకు మీద రాసేవారు ఉన్నారనీ, ఆ రాతలో ఎడమ కుడి అయితే పని అంతా బూడిదలో పోసిన పన్నీరవుతుందనీ నాకు తెలిసినది మాత్రం ఈ మధ్యనే. అదీ కేసముద్రంలో.

కాజీపేట నుండి విజయవాడ పోయే రైలుమార్గం మీద, మహబూబాబాదుకు ముందు వచ్చే ఊరు కేసముద్రం. 2016 వరకు వరంగల్లు జిల్లాలోనిది. ఇప్పుడు మహబూబాబాదు జిల్లాలోనిది. వ్యవసాయ మార్కెట్టుకు పేరుపడిన ఊరు. అక్కడ నా పూర్వశిష్యుడొకరి ఇంటికి వెళ్ళినప్పుడు, ఇంటర్మీడియట్ చదువుతున్న ఆయన కుమారుడు ముఖం చిన్నబుచ్చుకొని ఒక మూల కూర్చుని ఉన్నాడు. అతని చేతిలో అరచేతి పాటి పలక ఒకటి ఉన్నది. దాని మీద రాగి గీతలు మెరుస్తున్నాయి.

"ఏమి బాబూ, ఏమిటది?" అని అడిగాను.

"నీళ్ళ ట్యాంకు నిండితే మోగే అలారం, సార్. రెండు ఐ.సి.లు కాలిపోయినయి. ఎల్లుండి కాలేజీలో ప్రదర్శన ఉన్నది. ఇగ నాతోని కాదు," అన్నాడు.

ఆ చివరి మాటే నన్ను కూర్చోబెట్టినది. పదో తరగతి వరకు తెలుగులో చదువుకున్న పిల్లవాడు "నాతోని కాదు" అన్నప్పుడు, అది ఒక పలకను గురించి అన్న మాటగా మాత్రమే తీసుకొని ఊరకుండడం ఉపాధ్యాయుడికి తగదు. నాకు విద్యుత్ శాస్త్రం రాదు. అయినా అతని చేత మొదటి నుండి చివరి వరకు చెప్పించుకున్నాను. ఆ రోజు నేను విన్నదీ, ఆ తరువాత చదివి తెలుసుకున్నదీ ఇక్కడ మనవి చేస్తున్నాను.

వెనుకటి రేడియో పెట్టె మూత తీసి చూచినవారికి లోపల తీగలు పక్షిగూడు వలె అల్లుకొని కనిపించేవి. ప్రతి తీగనూ మనిషి చేతితో అతికించవలసినదే. ఆ తీగలకు బదులు గీతలనే అచ్చువేస్తే చాలునన్న ఆలోచనను ఆచరణలో పెట్టినవారిలో ముఖ్యుడు పాల్ ఐస్లర్. ఈయన వియన్నాలో పుట్టి, 1936లో ఇంగ్లాండు చేరి, అచ్చువేసిన వలయంతో రేడియోను నిర్మించి చూపించాడు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా సైన్యం ఫిరంగిగుండ్లలోని పరికరాలకు ఈ పద్ధతిని వాడుకున్నది. యుద్ధం ముగిసిన తరువాత అది ఇంటింటి వస్తువులలోకి వచ్చినది. ఈనాడు చేతిలోని ఫోను మొదలు పొలంలోని మోటారు స్టార్టరు వరకు ముద్రిత వలయఫలకం, వ్యవహారంలో పి.సి.బి., లేని పరికరం అరుదు.

తామ్రశాసనానికీ ఈ ఫలకానికీ ఒక తమాషా భేదం ఉన్నది. శాసనంలో అక్షరమున్న చోట రాగి పోతుంది, తక్కినది మిగులుతుంది. ఫలకంలో గీత ఉన్న చోట రాగి మిగులుతుంది, తక్కినది పోతుంది. పలక మీద పరచిన రాగిపొర మందం సాధారణంగా 35 మైక్రానులు, అనగా వెంట్రుక మందంలో దాదాపు సగం. ఆ పొర మీద కావలసిన గీతలను నల్లని పొడితో కప్పి ఫెర్రిక్ క్లోరైడు ద్రావణంలో ముంచితే, కప్పని రాగి అంతా కరిగిపోతుంది.

ఆ గీతలను ఎట్లా గీయాలన్నది అసలు ప్రశ్న. ఒకప్పుడు పారదర్శకమైన రేకుల మీద నల్లని పట్టీలు అంటించి, అసలు కొలతకు రెండింతలో నాలుగింతలో పెద్దదిగా బొమ్మ తయారుచేసి, ఛాయాగ్రహణంతో కుదించేవారు. ఒక్క పట్టీ జరిగితే మొదటికి వచ్చేది. ఇప్పుడా పని కంప్యూటరు తెర మీద జరుగుతున్నది. ఈ బాలుడు వాడినది కీక్యాడ్ అనే సాఫ్ట్‌వేర్. ఫ్రాన్సులోని గ్రెనోబుల్‌లో అధ్యాపకుడుగా ఉన్న జ్యాఁ పియెర్ షారా 1992లో దానిని ప్రారంభించాడు. జెనీవాలోని సెర్న్ పరిశోధన సంస్థ 2013 నుండి దాని అభివృద్ధికి చేయూతనిచ్చినది. దానికి వెల లేదు. దాని లోపలి రాత అందరికీ తెరచిన పుస్తకమే. మన దేశంలో బొంబాయి ఐ.ఐ.టి. వారు ఇటువంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లను కలిపి ఈసిమ్ అనే సాధనాన్ని రూపొందించారు.

ఈ వెల లేకపోవడం చిన్న విషయం కాదు. చాలాకాలంగా అభిరుచి గలవారికి ప్రీతిపాత్రమైన ఈగల్ అనే సాఫ్ట్‌వేర్ 1988 నాటిది. దానిని కొనుగోలు చేసిన ఆటోడెస్క్ సంస్థ, 2026 జూన్ 7తో దానికి స్వస్తి చెబుతున్నట్లు 2023లో ప్రకటించినది. ఒకరి సొత్తయిన పలుపుతో కట్టుకున్న ఎద్దు, పలుపు యజమాని దయ మీద ఆధారపడవలసినదే. బడిపిల్లలకు నేర్పేటప్పుడు ఈ సంగతి మనసులో ఉంచుకోవడం మంచిది.

పని తీరు వింటున్నకొద్దీ ఇది నాకు తెలిసిన విద్యకు ఎంత దగ్గరిదో అని ఆశ్చర్యపోయాను. మొదట వలయచిత్రం గీస్తారు. ఏ భాగం ఏ భాగంతో కలవాలో చెప్పేదే వలయచిత్రం. ఏది ఎక్కడ ఉండాలో అది చెప్పదు. ఆ సంబంధాలనన్నింటినీ సాఫ్ట్‌వేర్ ఒక పట్టికగా రాసుకుంటుంది. తరువాత భాగాలను ఫలకం మీద అమర్చి, వాటి నడుమ గీతలు గీయాలి. అమరికలో ఏ భాగాన్ని ఎటు జరిపినా పట్టికలోని సంబంధం చెడకూడదు. మన పద్యం సంగతీ ఇంతే కదా! కవి ఛందస్సు కొరకు పదాలను ముందువెనుకలు చేస్తాడు. కర్త ఎక్కడో, క్రియ ఎక్కడో ఉండవచ్చు. అన్వయం మాత్రం చెడరాదు. వలయచిత్రం అన్వయం, ఫలకం పద్యం.

పద్యానికి యతిప్రాసలున్నట్లే ఫలకానికీ నియమాలున్నాయి. ఐ.సి. కాళ్ళ నడుమ దూరం 2.54 మిల్లీమీటర్లు, అంటే అంగుళంలో పదవ వంతు. ఇంటి వద్ద ఇస్త్రీపెట్టెతో చేసే ఫలకం మీద గీత మరీ సన్నగిల్లితే తెగిపోతుంది. రెండు గీతలు మరీ దగ్గరయితే కలిసిపోతాయి. కనుక ముప్పాతిక మిల్లీమీటరుకు తగ్గకుండా గీయడం క్షేమం. మనం పెట్టుకున్న నియమం ఎక్కడ తప్పినా సాఫ్ట్‌వేర్ బాణం గుర్తు వేసి చూపిస్తుంది. అయితే యతిప్రాసలు కుదిరినంత మాత్రాన పద్యానికి అర్థముండాలని లేదు. నియమ పరీక్షలో నెగ్గిన ఫలకమంతా పనిచేస్తుందనుకోవడమూ అటువంటి భ్రమే. బీసీ547 అనే ట్రాన్సిస్టరుకు చదును ముఖం మనవైపు పెట్టి చూస్తే ఎడమ నుండి కలెక్టరు, బేసు, ఎమిటరు వస్తాయి. 2ఎన్3904కు ఎమిటరు, బేసు, కలెక్టరు. ఒకదాని చోట మరొకటి పెట్టి అతికిస్తే ఆ తప్పును ఏ సాఫ్ట్‌వేరూ పట్టుకోదు. అది మనిషి చూడవలసినది.

అన్నింటికన్న పెద్ద నియమం, ఒకే ముఖం మీద గీతలు ఒకదానినొకటి దాటరాదు. పిల్లలకు ఒక పాత చిక్కుప్రశ్న ఇచ్చి చూడండి. మూడు ఇండ్లు, మూడు బావులు. ప్రతి ఇంటి నుండి ప్రతి బావికీ బాట వేయాలి. ఏ రెండు బాటలూ దాటుకోరాదు. గంటసేపు గీసినా సాధ్యం కాదు. కారణం ఆయిలరు సూత్రంలో ఉన్నది. చుక్కలు 6, బాటలు 9 అయితే, దాటుకోని బొమ్మలో ఏర్పడే ప్రాంతాలు బయటిదానితో కలిపి 5 కావాలి. ఈ బొమ్మలో ఒక్కొక్క ప్రాంతం చుట్టూ కనీసం 4 బాటలుండాలి కనుక, మొత్తం 20 అంచులు కావాలి. ఒక్కొక్క బాటకు రెండు అంచులే కనుక ఉన్నవి 18. చాలవు! ఫలకం గీసేవాడికి ఈ చిక్కు అడుగడుగునా ఎదురవుతుంది. అప్పుడు పై నుండి ఒక తీగముక్కను వంతెనగా వేయాలి. లేదా ఫలకం రెండవ ముఖాన్ని కూడా వాడుకోవాలి. గీతలను తానే గీసిపెట్టే సాధనాలూ ఉన్నాయి. కాని మొదటి ఫలకాలు చేత్తో గీసినవాడికే ఈ చిక్కు విలువ తెలుస్తుంది. వ్యాసాన్ని మరొకరి చేత రాయించుకున్న విద్యార్థికి వాక్యం వస్తుందా?

ఇక ఆ బాలుడి ఫలకం మాట. అందులోని ఐ.సి. పేరు 555. హాన్స్ కామెంజిండ్ 1971లో దీనిని రూపొందించాడు. 1972లో అంగడికి వచ్చినది. నేటికీ పిల్లలు మొదట చేతబట్టే ఐ.సి. ఇదే. ఎనిమిది కాళ్ళు, ఒకటవ కాలు బ్యాటరీ రుణధ్రువానికి, ఎనిమిదవ కాలు ధనధ్రువానికి కలపాలి. వలయచిత్రం సరిగానే ఉన్నది. నియమ పరీక్షా నెగ్గినది. మరి ఎందుకు కాలినట్లు?

ఫలకాన్ని చేతిలోకి తీసుకొని చూశాను. ఒక మూల రాగితో ఊరి పేరు రాసుకున్నాడు. ఆ అక్షరాలు నాకు చదవ రాలేదు. కొంచెంసేపటికి తెలిసినది: అవి తిరగబడి ఉన్నాయి! సీసపు అక్షరాల కాలంలో అచ్చుకూటంలో పనిచేసినవారికి ఈ దృశ్యం పరిచితమే. అచ్చుదిమ్మ మీద అక్షరం తలక్రిందుగా కాదు, ఎడమ కుడిగా ఉంటుంది. కాగితం మీద పడినప్పుడే సవ్యమవుతుంది.

"ఈ పేరును తెర మీద ఎట్లా చూశావు?" అని అడిగాను.

"తెర మీదనే ఉల్టా కనబడ్డది, సార్. తప్పనుకొని అచ్చుతీసేటప్పుడు అద్దం గుర్తు పెట్టిన. కాగితం మీద మంచిగనే వచ్చింది."

చిక్కు విడిపోయినది. సాఫ్ట్‌వేర్ ఫలకాన్ని మామూలుగా పై నుండి చూపిస్తుంది. అడుగున ఉన్న రాగిని గాజులో నుండి చూచినట్లు చూపిస్తుంది. కనుక అడుగు అక్షరాలు తెర మీద తిరగబడి ఉండడమే సరి. ఆ బొమ్మను ఉన్నది ఉన్నట్లుగా కాగితం మీద తీసి, నల్లని ముఖాన్ని రాగి మీద బోర్లించి ఇస్త్రీ చేస్తే, ఒకసారి తిరగబడి సవ్యమవుతుంది. అతడు మధ్యలో మరొకసారి తిప్పాడు. ఒకటవ కాలు ఉండవలసిన చోట ఎనిమిదవ కాలు పడినది. విద్యుత్తు వెనుక నుండి ప్రవేశించినది. కాగితం మీద తిరగబడి, రాగి మీద సవ్యంగా చదవ రావాలి. ఇదీ గుర్తుపెట్టుకోవలసిన సూత్రం.

నేను చెప్పినది నాలుగు మాటలే. తక్కిన పని అతనిదే. అద్దం గుర్తు తీసివేసి మళ్ళీ అచ్చువేయించుకు వచ్చి, ఆ రాత్రే ఫలకం చేశాడు. కొత్త ఐ.సి. పెట్టి, రెండు తీగల కొనలను గ్లాసులోని నీళ్ళలో ముంచాడు. అలారం మోగినది. ఇంట్లో పడుకున్నవారందరూ లేచి వచ్చారు.

ఉపాధ్యాయ మిత్రులకు రెండు హెచ్చరికలు. పిల్లల చేత 9 వోల్టుల బ్యాటరీతో నడిచేవే చేయించండి. గోడలోని 230 వోల్టుల జోలికి పోనివ్వకండి. ఫెర్రిక్ క్లోరైడును చేతితొడుగులు లేకుండా తాకనివ్వకండి. వాడిన ద్రావణంలో రాగి లవణాలుంటాయి. అవి చేపలకు విషం. దానిని మురికికాలువలోనో చెరువులోనో పారబోయరాదు. సీసాలో భద్రపరచి, కాలేజీ రసాయనశాలవారికి అప్పగించండి.

మరొక మనవి. ఆ బాలుడు చూచిన తెర మీద మాటలన్నీ ఆంగ్లంలోనే ఉన్నాయి. వాటిని కంఠస్థం చేశాడు, అర్థం చేసుకోలేదు. 'అద్దం' అనే మాట తెలిసినా, దేనికి అద్దమో అతనికి ఎవరూ తెలుగులో చెప్పలేదు. బొంబాయి ఐ.ఐ.టి. వారి స్పోకెన్ ట్యుటోరియల్ పాఠాలు తెలుగుతో సహా అనేక భారతీయ భాషలలో వెలువడుతున్నాయి. ఆ దారి మంచిది. కాని అది ఒక్కటే చాలదు. ప్రతి బడిలో విజ్ఞానశాస్త్రం చెప్పేవారూ తెలుగు చెప్పేవారూ ఒక సాయంకాలం కలిసి కూర్చుంటే, ఇటువంటి చిక్కులు ఎన్నో విడిపోతాయి.

వస్తూ వస్తూ ఆ పాత ఫలకాన్ని అడిగి తెచ్చుకున్నాను. అది నా బల్ల మీద ఉన్నది. తామ్రశాసనం పాఠం చెప్పే రోజున తరగతికి తీసుకుపోయి, మొదట దీనినే విద్యార్థుల చేతికి ఇచ్చి, ఇందులో ఏమి రాసి ఉన్నదో చదవమంటాను.