థర్‌స్టన్ ఏడు సంపుటాలు: ఇంటిపేర్లూ కొలతలూ

ప్లెయిన్స్‌బరోలో కూర్చుని తన ఇంటిపేరు పుట్టుక వెదికే తెలుగువాడు ఎప్పుడో ఒకప్పుడు 'దక్షిణ భారతదేశపు కులాలు, తెగలు' అన్న ఇంగ్లీషు గ్రంథం దగ్గరికి చేరుతాడు. 1909లో అచ్చయిన ఆ ఏడు సంపుటాలూ ఇప్పుడు అంతర్జాలంలో ఉచితంగా దొరుకుతున్నాయి. వాటిని సాక్ష్యంగా చూపేముందు అవి తయారైన తీరు తెలుసుకోవడం అవసరం.

ఎడ్గర్ థర్‌స్టన్ (1855–1935) వైద్యం చదివినవాడు. 1885లో మద్రాసు ప్రభుత్వ మ్యూజియానికి సూపరింటెండెంటుగా వచ్చి 1908 వరకు పనిచేశాడు. తొలి రోజుల్లో నాణేల గురించి, సముద్రజీవుల గురించి, ముత్యపుచిప్పల గురించి రాశాడు. 1894లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ నుంచి కొలత పరికరాలు ఎరువు తెచ్చుకొని నీలగిరుల్లో తోడలను, కోటలను, బడగలను కొలవడంతో మానవశాస్త్రంలోకి దిగాడు. 1901లో ప్రభుత్వం దేశమంతటా జాతుల సర్వే తలపెట్టినప్పుడు మద్రాసు రాజధాని భాగం ఆయనకు అప్పగించింది. మ్యూజియం ఉద్యోగి కె. రంగాచారి ఆయనకు సహాయకుడు. ముఖపత్రం మీద ఆయన పేరూ ఉంది.

ఈ గ్రంథంలో మూడు రకాల సరుకు కలిసిపోయి ఉంది. మొదటిది, జనం చెప్పగా రాసుకున్నది: ఇంటిపేర్లు, పెళ్ళి తంతులు, పుట్టుక కథలు. సెన్సస్ నివేదికలు, జిల్లా మాన్యువళ్ళు దీనికి తోడు. తెలుగు కులాల ఇంటిపేర్ల జాబితాలు ఈనాటికీ విలువైనవే. రెండవది కొలతలు. ముక్కు వెడల్పు పెరిగేకొద్దీ సాంఘిక హోదా తగ్గుతుందని హెర్బర్ట్ రిస్లీ వాదించిన కాలమది; థర్‌స్టన్ పట్టికలు ఆ చర్చలో భాగమే. మూడవది పోలీసుల రాతలు. ఎరుకలవారి వివరణ 'కొరవ' అన్న పేరు కింద దొరుకుతుంది. అందులో చాలా పుటలు దొంగతనాలకే సరిపోయాయి. 1911లో నేరస్థ తెగల చట్టం మద్రాసుకూ విస్తరించింది. దేశమంతటా అది 1952లో గాని రద్దు కాలేదు. పుటల్లో పడ్డ ముద్ర బతుకుల మీదా పడింది.

అదే కాలంలో, ప్లెయిన్స్‌బరోకు దగ్గరలోనే ఉన్న న్యూయార్కులో, ఒకప్పుడు అక్కడి ప్రకృతి చరిత్ర మ్యూజియంలో పనిచేసిన ఫ్రాంజ్ బోయాస్ వలసవచ్చినవారి తలలను కొలిచాడు. అమెరికాలో పుట్టిన పిల్లల తల ఆకారం తల్లిదండ్రుల తలల కంటె భిన్నంగా ఉందని 1911లో ప్రకటించాడు. తరాలు మారినా మారదనుకున్న కొలతే ఊరు మారితే మారిందన్నమాట.

కనుక థర్‌స్టన్‌ను చదవవలసిందే. చదివేటప్పుడు ప్రతి వాక్యాన్నీ అడగవలసిన ప్రశ్న ఒకటుంది: ఈ మాట ఆ కులంవారు చెప్పుకున్నదా, పొరుగువారు అన్నదా, ఠాణాలో రాసుకున్నదా?