బంతిని బంధించని యంత్రం

వానచుక్కను లెక్కపెట్టుకొని బతికే నేల అనంతపురం. ఆ నేలమీదే ఫుట్‌బాల్ ఆట వేళ్లూనుకొంది. 1969లో విన్సెంట్ ఫెర్రర్ దంపతులు నెలకొల్పిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు అనంతపురంలో క్రీడాగ్రామాన్ని నిర్మించి, పల్లె పిల్లలకు ఈ ఆట నేర్పింది. బంతిని కాలితో నడిపించే బాలికను గమనించండి. బంతి ఆమెకు వశమై ఉంటుంది కాని బందీగా ఉండదు. ప్రత్యర్థి దానిని ఏ క్షణంలోనైనా తన్నుకుపోవచ్చు. ఆ అవకాశమే ఆటకు ప్రాణం.

యంత్రాలు ఆడే ఆటకూ ఇదే ధర్మం వర్తిస్తుంది. రోబోల ప్రపంచపోటీ అయిన రోబోకప్ 1997లో జపానులోని నగోయాలో మొదలైంది. ఈ శతాబ్ది నడుమకు మానవాకార రోబోల జట్టు ప్రపంచ విజేతలైన మనుషుల జట్టును ఓడించాలన్నది దాని ఆశయం. ఇందులోని చిన్న రోబోల విభాగంలో ఒక్కొక్క రోబో 18 సెంటీమీటర్ల వ్యాసానికి, 15 సెంటీమీటర్ల ఎత్తుకు మించరాదు. బంతి నారింజరంగు గోల్ఫ్ బంతి. దాని వ్యాసం సుమారు 43 మిల్లీమీటర్లు.

రెండు చేతులు అమర్చి బంతిని బిగించి పట్టుకోవడం యంత్రానికి సులభమే. కాని అప్పుడు బంతిని ఎవ్వరూ తీసుకోలేరు. ఆట అక్కడితో ముగుస్తుంది. అందువల్ల నియమావళి హద్దులు గీసింది. పైనుంచి చూచినప్పుడు బంతి వైశాల్యంలో కనీసం 80 శాతం రోబో వెలుపల ఉండాలి. బంతిని కదలకుండా బిగించరాదు. ఏకధాటిగా ఒక మీటరుకు మించి నడిపించరాదు. తన్నిన బంతి వేగం సెకనుకు 6.5 మీటర్లు దాటరాదు.

ఈ హద్దుల నడుమ నిపుణులు కనుగొన్న ఉపాయం ఒక చిన్న కడ్డీ. మెత్తని రబ్బరు తొడుగుగల ఈ కడ్డీని రోబో ముందుభాగంలో అడ్డంగా అమర్చి, మోటారుతో తిప్పుతారు. అది బంతి పైభాగానికి ఆని, బంతిని రోబోవైపు తిరిగేటట్లు చేస్తుంది. నేల రాపిడివల్ల బంతి రోబోవైపే దొర్లివస్తుంది. రోబో వెనుకకు నడిచినా అది వెంట వస్తుంది. వచ్చి తగిలిన బంతి ఎగిరిపోకుండా, కడ్డీ అమరికకు వెనుక మెత్తని స్పాంజి వంటిది పెడతారు. తన్నడానికి తీగచుట్ట ఉంటుంది. అందులో విద్యుత్తు ఒక్కసారిగా ప్రవహించగానే ఇనుపకడ్డీ ముందుకు దూకి బంతిని కొడుతుంది.

రోబో అంచు తిన్నగా ఉంటే, అది బంతిమీదికి సుమారు 11 మిల్లీమీటర్లకు మించి చొచ్చుకురాకూడదని లెక్క తేలుతుంది. ఆ కొద్దిపాటి చోటులోనే శిల్పి తన నేర్పునంతా చూపాలి.

కందపద్యంలో ఆరవ గణం నలమో జగణమో కావాలి. బేసి స్థానంలో జగణం రాకూడదు. ఆ కట్టుబాటు కవి గొంతు నొక్కలేదు, అతని ప్రతిభకు పదును పెట్టింది. నియమాన్ని తప్పించుకొనేది కపటం. నియమంలో ఒదిగి గెలిచేది నైపుణ్యం.