ఆహారపు గొలుసులో రేడియోధార్మిక కాలుష్యం

ఆహారపు గొలుసులో రేడియోధార్మిక కాలుష్యం అనగా యురేనియం, రేడియం, సీజియం వంటి మూలకాలు నేల, నీరు, పైరు, పశువుల మేతల ద్వారా మనిషి ఆహారంలోకి చేరడం. రాయలసీమలో ఈ విషయం వై.ఎస్.ఆర్. కడప జిల్లా వేముల మండలంలోని తుమ్మలపల్లె యురేనియం గని సందర్భంలో చర్చకు వచ్చింది.

కొలతలు
సెకనుకు ఒక అణుకేంద్రకం విచ్ఛిన్నమైతే దానిని ఒక బెక్వెరెల్ అంటారు. శరీరంపై దాని ప్రభావాన్ని సీవర్టులలో కొలుస్తారు. విద్యార్థులు ఈ రెంటినీ తరచు ఒకటిగా పొరబడతారు. సహజ వికిరణం, వైద్య పరీక్షలు కాక సామాన్య ప్రజలకు పరిమితి ఏడాదికి 1 మిల్లీసీవర్టు. సహజ వికిరణం వలన కలిగేదే ప్రపంచ సగటున 2.4 మిల్లీసీవర్టులు. ఒక అరటిపండులో పొటాషియం-40 వలన సుమారు 15 బెక్వెరెల్‌ల రేడియోధార్మికత సహజంగానే ఉంటుంది. శరీరం అదనపు పొటాషియాన్ని విసర్జిస్తుంది గనుక దీనికి భయపడనక్కరలేదు. పులివెందుల ప్రాంతం అరటితోటలకు పేరుపొందినది కావున ఈ సంగతి ముందే చెప్పవలసి వచ్చింది.

తుమ్మలపల్లె
ఇక్కడి ఖనిజం వేంపల్లె డోలమైట్ శిలలలో ఉంది. (బేతంచెర్ల నాపరాయి కూడా కడప శిలాప్రాంతానికి చెందినదే, అంతమాత్రాన ప్రతి బండలోనూ యురేనియం ఉన్నదనుకోవడం పొరపాటు.) భారత యురేనియం సంస్థ వారి ఈ గనికి 2007లో శంకుస్థాపన, 2012లో ప్రారంభోత్సవం జరిగాయి. సున్నపు స్వభావం గల రాయి ఆమ్లాన్ని వృథాగా పీల్చుకుంటుంది. అందువలన సోడియం కార్బొనేట్, బైకార్బొనేట్ ద్రావణంతో యురేనియాన్ని వేరు చేస్తారు. మిగిలిన బురదను కె.కె. కొట్టాల సమీపంలోని వ్యర్థాల చెరువుకు పంపుతారు. యురేనియం తీసినప్పటికీ ముడి ఖనిజపు రేడియోధార్మికతలో సుమారు 85 శాతం ఆ బురదలోనే ఉండిపోతుంది. కారణం, రేడియం మొదలైనవి అందులోనే మిగలడం.

బోరునీరు పాడైందని, అరటితోటలు దెబ్బతిన్నాయని చుట్టుపక్కల రైతులు ఫిర్యాదు చేశారు. సంస్థ ఆ ఆరోపణను ఖండించింది. 2018లో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి చెరువు అడుగున వేసిన పొర గురించి సంస్థను ప్రశ్నించింది. ఈ పొర ముఖ్యమైనది. కార్బొనేట్‌తో కలిసిన యురేనియం నీటిలో సులువుగా కరిగి ప్రయాణిస్తుంది. రేడియం కాల్షియాన్ని పోలినది గనుక ఎముకలలో చేరుతుంది.

తాగునీటి పరిమితులు
భారత అణుశక్తి నియంత్రణ మండలి పరిమితి లీటరుకు 60 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది 30; భారత ప్రమాణాల సంస్థ కూడా 2021లో 30నే స్వీకరించింది. తేడాకు కారణం ఉంది. మొదటిది వికిరణాన్ని లెక్కలోకి తీసుకున్నది. రెండవది మూత్రపిండాలపై యురేనియం చూపే రసాయనిక ప్రభావాన్ని ప్రధానంగా చూసింది. కావున 45 మైక్రోగ్రాములున్న బోరునీరు ఒక ప్రమాణం ప్రకారం తాగదగినది, మరొక ప్రమాణం ప్రకారం కాదు. నీటిని కాచినందువలన యురేనియం పోదు, ఆవిరైన మేరకు గాఢత పెరుగుతుంది. రివర్స్ ఆస్మాసిస్ పద్ధతిలో చాలామటుకు తొలగుతుంది, కానీ అది తాగే బిందెకే. పొలానికి పెట్టే నీటికి ఆ వీలు లేదు.