మదర్‌బోర్డ్: చవక బోర్డుతో ఓవర్‌క్లాకింగ్ అవుతుందా? డబ్బులు కట్టే ముందు ఈ రెండూ చూడండి!

కొత్తగా పీసీ అసెంబుల్ చేయించుకుంటున్నారా? ప్రాసెసర్ స్పీడు పెంచుకోవాలని, అంటే ఓవర్‌క్లాకింగ్ చేయాలని అనుకుంటున్నారా? అయితే ప్రాసెసర్ కంటే ముందు మదర్‌బోర్డ్ సంగతి తేల్చుకోవాలి. లేదంటే పెట్టిన డబ్బు వృథానే.

మొదట చూడాల్సింది చిప్‌సెట్. ఇంటెల్‌లో పేరు చివర 'కె' ఉన్న ప్రాసెసర్లకే స్పీడు పెంచుకునే వీలుంటుంది. ఉదాహరణకు కోర్ ఐ5-13600కె. కానీ దాన్ని హెచ్610 బోర్డులో పెడితే ఆ 'కె' కోసం ఎక్కువ పెట్టిన డబ్బు దండగే! బి760లో ర్యామ్ స్పీడు పెంచుకోవచ్చు, ప్రాసెసర్‌ది మాత్రం కుదరదు. దానికి జెడ్690, జెడ్790 లాంటి ఖరీదైన బోర్డులే కావాలి.

ఏఎండీలో లెక్క వేరు. రైజెన్ 7000 సిరీస్‌కు మధ్యస్థ ధరలో దొరికే బి650 బోర్డు చాలు. అంతకంటే చవకైన ఏ620లో మాత్రం ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్ ఉండదు.

రెండోది వీఆర్ఎం. పవర్ సప్లై నుంచి వచ్చే 12 వోల్టులను ప్రాసెసర్‌కు కావాల్సిన సుమారు 1 నుంచి 1.4 వోల్టులకు దించేది ఇదే. స్పీడు పెంచితే దీనిపై భారం పెరుగుతుంది. చాలా చవక బోర్డుల్లో దీనిపై హీట్‌సింక్ కూడా ఉండదు. వీఆర్ఎం బాగా వేడెక్కితే బోర్డే ప్రాసెసర్ స్పీడు తగ్గించేస్తుంది. అంటే పెంచుదామనుకుంటే ఉన్నదీ పోయినట్టే! ఎండాకాలంలో మన దగ్గర ఏసీ లేని గదుల్లో ఈ సమస్య ఇంకా ఎక్కువ.

మరి ప్రీమియం బోర్డు ఎవరికి? ఫుల్ లోడ్‌లో 253 వాట్ల దాకా తీసుకునే కోర్ ఐ9-13900కె లాంటి ప్రాసెసర్లు వాడేవారికి బలమైన వీఆర్ఎం తప్పనిసరి. సెట్టింగ్ తేడా కొట్టి పీసీ ఆన్ కాకపోతే ఎర్రర్ కోడ్ డిస్‌ప్లే, బయోస్ రీసెట్ బటన్ లాంటివి పనికొస్తాయి. రంగుల లైట్లు, అదనపు ఎస్‌ఎస్‌డీ స్లాట్లతో మాత్రం ప్రాసెసర్ స్పీడు పెరగదు.

ఇంకో విషయం.. ఓవర్‌క్లాకింగ్ వల్ల ప్రాసెసర్ పాడైతే ఇంటెల్, ఏఎండీ వారంటీ వర్తించదు. అందుకే షాపులో ముందుగా అడగాల్సింది రేటు కాదు.. 'ఏ చిప్‌సెట్? వీఆర్ఎంపై హీట్‌సింక్ ఉందా?' అనే!