పని ముగిసిన పిమ్మట

వివాహం జరిగిన ఇంట పందిరి విప్పి, గుంజలు పాతిన గుంటలు పూడ్చి, ఎరువు తెచ్చిన పాత్రలను తిరిగి అప్పగించినప్పుడే శుభకార్యం సంపూర్ణమవుతుంది. కార్యం ఎంత ఘనంగా జరిగినా, పందిరి వాకిట అలాగే నిలిచి ఉంటే రాకపోకలకు అడ్డమే. కంప్యూటరులో కొత్త సాఫ్ట్‌వేరును నెలకొల్పే పనికి కూడా ఈ నియమం వర్తిస్తుంది.

సాఫ్ట్‌వేరు సాధారణంగా కుదించిన రూపంలో ఒకే మూటగా లభిస్తుంది. దానిని కంప్యూటరులో నెలకొల్పే ప్రోగ్రామును 'ఇన్‌స్టాలర్' అంటారు. ఇన్‌స్టాలర్ ముందుగా మూట విప్పి, అందులోని భాగాలను ఒక తాత్కాలిక ఫోల్డరులో ఉంచుతుంది. ఆ ఫోల్డరును విండోస్‌లో 'టెంప్' అనీ, లైనక్స్‌లో 'టీఎంపీ' అనీ వ్యవహరిస్తారు. అవసరమైన భాగాలను అక్కడి నుండి శాశ్వత స్థానాలకు చేర్చిన పిమ్మట, మిగిలిన తాత్కాలిక ఫైళ్ళను తొలగించవలసిన బాధ్యత ఇన్‌స్టాలర్‌దే.

అయితే మధ్యలో విద్యుత్తు పోయినా, లోపం తలెత్తి పని ఆగిపోయినా ఆ బాధ్యత నెరవేరదు. మరొక చిక్కు కూడా ఉంది. వాడుకలో ఉన్న ఫైలును విండోస్ సాధారణంగా తొలగించనీయదు. అటువంటి ఫైలును, కంప్యూటరు తిరిగి ప్రారంభమైనప్పుడు తొలగించవలసిందిగా ఇన్‌స్టాలర్ ముందే విండోస్‌కు చెప్పి ఉంచవచ్చు. లైనక్స్‌లో తెరచి ఉన్న ఫైలును సైతం తొలగించవచ్చు. కాని దానిని వాడుతున్న ప్రోగ్రాములన్నీ మూసివేసిన తరువాతనే ఆ స్థలం ఖాళీ అవుతుంది.

ఈ ఫైళ్ళు మిగిలిపోతే కలిగే నష్టమేమి? ముదినేపల్లి ప్రాంతం వారికి కొల్లేరును చూస్తే ఈ సంగతి సులభంగా బోధపడుతుంది. బుడమేరు, తమ్మిలేరు మొదలైన ఏర్లు తెచ్చే నీరు కొల్లేరులో చేరి, ఉప్పుటేరు ద్వారా సముద్రానికి పోవాలి. ఆ దారిలో పూడిక, గుర్రపుడెక్క పేరుకొంటే పరిసర గ్రామాలకు ముంపు తప్పదు. డిస్కు స్థితి కూడా ఇటువంటిదే. ముదినేపల్లిలో ఒక చిన్న కంప్యూటరు కేంద్రాన్ని ఊహించుకుందాం. ప్రవేశపరీక్ష దరఖాస్తుకు అది చివరి రోజు. ఒక విద్యార్థిని ధ్రువపత్రాలను స్కాన్ చేయగా, డిస్కులో స్థలం లేదనే సందేశం వచ్చింది. నెలల తరబడి పేరుకొన్న ఫైళ్ళు ఆమె విద్యాసంవత్సరానికే ముప్పు తేగలవు.

అయితే కంగారులో కనబడినదెల్లా తొలగించడం అంతకంటె ప్రమాదకరం. విండోస్ ఫోల్డరులో 'ఇన్‌స్టాలర్' అనే ఉపఫోల్డరు ఒకటి ఉంటుంది. అది పనికిరానిదిగా తోచవచ్చు. కాని సాఫ్ట్‌వేరును మరమ్మతు చేయడానికి, తొలగించడానికి అందులోని ఫైళ్ళే ఆధారం. దాని జోలికి పోరాదు. టెంప్‌లో సైతం ఇతర ప్రోగ్రాములు అప్పుడే వాడుకొంటున్న ఫైళ్ళు ఉండవచ్చు. అందుచేత మంచి ఇన్‌స్టాలర్ తనకంటూ ఒక ప్రత్యేక ఫోల్డరును సృష్టించుకొని, చివరకు దానిని మాత్రమే తొలగిస్తుంది. ఆ ఫోల్డరు పేరు ఇతరులు ఊహించలేనిదై ఉండాలి. లేకుంటే దుర్మార్గులు ముందుగానే అక్కడ హానికరమైన ఫైలును ఉంచి మోసగించే వీలుంటుంది.

వినియోగదారుని కర్తవ్యం సులభమైనదే. కొత్త సాఫ్ట్‌వేరును నెలకొల్పిన తరువాత కంప్యూటరును ఒకసారి 'రీస్టార్ట్' చేయాలి. ఆ పిమ్మట విండోస్‌లోనే ఉన్న సాధనంతో శుభ్రపరచాలి. 'డిస్క్ క్లీనప్' 1998లో విండోస్ 98తో వచ్చింది. తాత్కాలిక ఫైళ్ళను తనంతట తానే తొలగించగల 'స్టోరేజ్ సెన్స్' 2017లో విండోస్ 10లో చేరింది.

తాను తెచ్చినదానిని తానే తీయడం, పరుల సొత్తును ముట్టకపోవడం అనే రెండూ ఇక్కడ పాటించవలసిన ధర్మాలు. పందిరి విప్పేవారు తమ గుంజలను పెకలిస్తారే గాని, పొరుగువారి కంచెను పెకలించరు కదా!