గంజాయి మీద అభ్యర్థి మాట, మన ఇంటి లెక్క

అమెరికాలో ఎన్నికలు వచ్చినప్పుడల్లా మన ఇళ్ళలో మాట్లాడుకునే విషయాలు కొన్ని ఉన్నాయి. వీసాలు, పన్నులు, స్కూళ్ళు, ఆరోగ్య బీమా. గంజాయి ఆ జాబితాలో ఉండదు. అది మనకు సంబంధించింది కాదనీ, మన పిల్లలు అలాంటి వాటి జోలికి పోరనీ మనలో చాలామంది ధీమా. నేనుండే న్యూజెర్సీలో మాత్రం 2020 నవంబరులో ఈ ప్రశ్న నేరుగా బ్యాలెట్ మీదికే వచ్చింది. ఓటేసిన వాళ్ళలో మూడింట రెండు వంతుల మంది సరేనన్నారు. 2022 ఏప్రిల్ నుంచి ఇరవై ఒక్క ఏళ్ళు నిండిన వాళ్ళకి దుకాణాల్లో బాహాటంగా అమ్ముతున్నారు. కూరగాయలకని బయలుదేరితే దారిలో ఆ బోర్డులూ కనిపిస్తాయి. కనక ఇక తప్పించుకోలేని విషయం ఇది.

ఏ పార్టీకి ఓటు వెయ్యాలో చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఇలాంటి చిక్కు ప్రశ్న మీద ఒక రాజకీయ నాయకుడు గానీ నాయకురాలు గానీ ఎలా ఆలోచిస్తారు, మాట ఎందుకు మారుస్తారు, ఆ మాటల్లో మన వలస కుటుంబాలకు పనికొచ్చేది ఏది అన్నది వివరించడానికే ఈ ప్రయత్నం. ఉదాహరణగా కమలా హారిస్‌ను తీసుకుంటున్నాను. ఆమె తల్లి శ్యామలా గోపాలన్ చదువుకోసం మన పక్క రాష్ట్రం నుంచి ఇక్కడికి వచ్చినావిడ కావడం వల్ల, నచ్చినా నచ్చకపోయినా మనవాళ్ళు చాలామంది ఆమె రాజకీయ జీవితాన్ని గమనిస్తూ వచ్చారు. పైగా 2010 నుంచి 2024 దాకా ఈ ఒక్క ప్రశ్నకే ఆమె ఇచ్చిన జవాబులు వరసగా పెట్టి చూస్తే మంచి పాఠంలా ఉంటుంది.

మూడు మాటల తేడా

అభ్యర్థుల ప్రసంగాల్లో మూడు మాటలు వినిపిస్తాయి. మూడూ ఒకటే అనుకుంటే మోసపోతాం. మొదటిది డీక్రిమినలైజేషన్. అంటే కొద్దిపాటి సరుకు దగ్గర ఉంటే జైలుకి పంపరు. జరిమానాతో సరిపెడతారు. అమ్మడం మాత్రం నేరంగానే ఉంటుంది. రెండవది లీగలైజేషన్. సారాయిలాగే లైసెన్సు, పన్ను, వయసు నిబంధన పెట్టి అమ్మనివ్వడం. మూడవది రీషెడ్యూలింగ్. ఫెడరల్ ప్రభుత్వం మందుల్ని అయిదు షెడ్యూళ్ళుగా విభజించింది. హెరాయిన్‌తో పాటు గంజాయిని 1970 చట్టం మొదటి షెడ్యూల్లో పెట్టింది. వైద్యానికి పనికిరాదు, దుర్వినియోగం ఎక్కువ అని ఆ షెడ్యూల్ అర్థం. దాన్ని కింది షెడ్యూల్‌కి దించితే పరిశోధనకు, పన్నుల లెక్కలకు సులువవుతుంది. అంతే గాని దుకాణంలో కొనుక్కోవడం ఫెడరల్ చట్టం దృష్టిలో ఒప్పయిపోదు.

అభ్యర్థి ఈ మూడింటిలో ఏ మాట వాడాడో చూస్తే ఎంత ధైర్యం చేస్తున్నాడో తెలిసిపోతుంది.

పాత కథ క్లుప్తంగా

ఈ తర్జనభర్జన కొత్తది కాదు. బ్రిటిష్ వాళ్ళు మన దేశంలో గంజాయి వాడకం మీద వేసిన కమిషన్ 1894లోనే ఏడు సంపుటాల నివేదిక ఇచ్చింది. మితంగా వాడితే పెద్ద హాని లేదు, పూర్తి నిషేధం అక్కర్లేదు, పన్నుతో అదుపు చెయ్యండి అని దాని సారాంశం. అమెరికాలో నిక్సన్ కాలంలో వేసిన షేఫర్ కమిషన్ కూడా 1972లో, సొంతానికి కొద్దిగా ఉంచుకున్న వాళ్ళని నేరస్తులుగా చూడవద్దని చెప్పింది. నిక్సన్ దాన్ని పక్కన పెట్టేశాడు. 1977లో అధ్యక్షుడు కార్టర్, ఒక ఔన్సు లోపు ఉంటే ఫెడరల్ శిక్షలు తీసేద్దామని కాంగ్రెస్‌ని కోరాడు. వాడకం చేసే హాని కంటే శిక్ష చేసే హాని ఎక్కువ కాకూడదన్నది ఆయన వాదన. కాంగ్రెస్ కదల్లేదు.

మన దగ్గరా పూర్తి నిషేధం వచ్చింది 1985లోనే, ఎన్.డి.పి.ఎస్. చట్టంతో. అందులో కూడా విడి ఆకుల్ని గంజాయి నిర్వచనంలో చేర్చలేదు. ఉత్తరాదిలో భంగు అమ్మకం సాగుతున్నది అందువల్లే. విశాఖ మన్యంలో సాగయ్యే గంజాయి ఇతర రాష్ట్రాలకు పోవడం, 2022 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ పోలీసులు రెండు లక్షల కిలోలకు పైగా పట్టుబడిన సరుకును తగలబెట్టడం పాఠకులకు గుర్తుండే ఉంటుంది. నిషేధం ఉన్నంత మాత్రాన సరుకు ఆగదన్నది అక్కడా ఇక్కడా ఒకటే అనుభవం.

ఇక్కడ అసలు మెలిక రెండు ప్రభుత్వాలది. కాలిఫోర్నియా 1996లో వైద్యానికి అనుమతించింది. అయినా ఫెడరల్ చట్టమే పైచేయి అని సుప్రీంకోర్టు 2005లో తేల్చింది. 2012లో కొలరాడో, వాషింగ్టన్ రాష్ట్రాలు మామూలు వాడకానికీ తలుపులు తెరిచాయి. 2023 ముగిసేసరికి అలాంటి రాష్ట్రాలు 24 అయ్యాయి. రాష్ట్రం ఔనంటుంది, దేశం కాదంటుంది. మన ఇళ్ళకు వచ్చే ప్రమాదమంతా ఈ సందులోంచే వస్తుంది.

ఒకే ప్రశ్న, పద్నాలుగేళ్ళ జవాబులు

2010లో కాలిఫోర్నియాలో లీగలైజేషన్ ప్రతిపాదన ఓటుకు వచ్చింది. అప్పుడు హారిస్ శాన్‌ఫ్రాన్సిస్కో డిస్ట్రిక్ట్ అటార్నీగా ఉంటూ రాష్ట్ర అటార్నీ జనరల్ పదవికి పోటీ చేస్తున్నారు. వైద్యం వరకు సరే, అంతకుమించి వద్దన్నారు. ప్రతిపాదన ఓడిపోయింది. ఆమె చాలా తక్కువ తేడాతో గెలిచారు. పోలీసుల్ని ఎదిరించి గెలవడం కష్టమయ్యే పదవి అది. ఆ జవాబులో ఆ లెక్క లేదనుకోలేం. అలాగని ఆమె కఠినురాలు మాత్రమే అనీ అనలేం. మొదటిసారి మందులమ్మి పట్టుబడ్డ కుర్రాళ్ళకి జైలు బదులు చదువు, ఉద్యోగం దారి చూపే బ్యాక్ ఆన్ ట్రాక్ కార్యక్రమం 2005లో మొదలుపెట్టిందీ ఆవిడే.

2014లో ఆమె మీద పోటీ చేసిన రిపబ్లికన్ లీగలైజేషన్ కావాలన్నాడు. దీని మీద విలేకరి అడిగితే ఆమె నవ్వేసి ఊరుకున్నారు. ఆ నవ్వు తరవాత ఆమెను వెంటాడింది. 2018లో సెనేటర్‌గా కోరీ బుకర్ లీగలైజేషన్ బిల్లుకి మద్దతిచ్చారు. 2019 జూలైలో మోర్ యాక్ట్ అనే బిల్లును సెనేట్‌లో తానే ప్రవేశపెట్టారు. ఆ నెలాఖరున జరిగిన అభ్యర్థుల వాదప్రతివాదాల్లో తులసీ గబార్డ్, పదిహేను వందల మందికి పైగా గంజాయి కేసుల్లో జైలుకి పంపి ఇప్పుడు ఇలా మాట్లాడతారా అని నిలదీశారు. ఆ లెక్క రాష్ట్రం మొత్తానిదనీ, అందులో ఎక్కువ కేసులు పెట్టింది ఆయా కౌంటీల అటార్నీలనీ పత్రికలు ఆ తరవాత వివరించాయి. కానీ అప్పటికే దెబ్బ తగిలింది.

2020లో బైడెన్ పక్కన నిలబడేసరికి మాట మళ్ళీ ఒక మెట్టు దిగింది. బైడెన్ లీగలైజేషన్‌కు ఒప్పుకోలేదు, డీక్రిమినలైజేషన్ దాకానే వచ్చారు. కనక ఆమే అదే పలికారు. తానే అధ్యక్ష అభ్యర్థి అయ్యాక, 2024 అక్టోబరులో, దేశమంతటా లీగలైజేషన్ చేస్తానన్నారు.

దీన్ని అవకాశవాదం అని కొట్టిపారెయ్యవచ్చు. కొంత నిజమే. కానీ జనం కూడా మారారు. గ్యాలప్ సర్వేలో 1969లో లీగలైజేషన్ కావాలన్నవాళ్ళు నూటికి 12 మంది. 2023కల్లా 70 మంది. నాయకులు సాధారణంగా జనం వెనక నడుస్తారు. ఇది ఒక పార్టీ లక్షణం కూడా కాదు. 2024లో ఫ్లోరిడా ప్రతిపాదనకు ట్రంప్ తన ఓటు ఉందన్నారు, ఆయన పార్టీకే చెందిన గవర్నర్ డిశాంటిస్ గట్టిగా ఎదిరించారు. అరవై శాతం కావలసిన చోట 56 శాతం వచ్చి ఓడిపోయింది.

త్రాసులో ఇటూ అటూ

నిజాయితీగా ఆలోచించే అభ్యర్థి ముందు రెండు వైపులా బరువులున్నాయి. ఒకవైపు న్యాయం. వాడకంలో పెద్ద తేడా లేకపోయినా, నల్లజాతి వారిని తెల్లవారికంటే సుమారు మూడున్నర రెట్లు ఎక్కువగా అరెస్టు చేస్తున్నారని 2018 గణాంకాల ఆధారంగా ఎ.సి.ఎల్.యు. చూపించింది. చిన్న కేసు ఒకటి రికార్డులో ఉంటే ఉద్యోగం, అద్దె ఇల్లు దొరకవు. పన్ను ఆదాయం సంగతి సరేసరి.

మరోవైపు ఆరోగ్యం. 1995 ప్రాంతంలో పట్టుబడ్డ గంజాయిలో మత్తునిచ్చే టి.హెచ్.సి. నాలుగు శాతం ఉంటే 2014కి పన్నెండు శాతం అయింది. దుకాణాల్లో అమ్మే సారాలలో ఇంకా ఎన్నో రెట్లు. వాడేవాళ్ళలో పదిమందికి ముగ్గురు దాన్ని వదల్లేని స్థితికి వస్తారని సి.డి.సి. అంచనా. పద్దెనిమిదికి ముందే మొదలుపెడితే ప్రమాదం ఇంకా ఎక్కువ. సంస్కర్తలు ఈ సంగతి తగ్గించి చెప్పడం నాకు నచ్చదు.

గంజాయి దాటి మిగతా మందుల దగ్గరికి వస్తే లెక్క ఇంకా కష్టం. అన్ని మందులూ కొద్దిగా ఉంచుకోవడం నేరం కాదంటూ ఆరెగాన్ 2020లో మెజర్ 110కి ఓటేసింది. వంద డాలర్ల చలానా, లేదా ఫోన్ చేసి చికిత్స గురించి అడగడం. చికిత్స ఏర్పాట్లు నిలదొక్కుకోక ముందే శిక్షలు పోయాయి, అదే సమయంలో ఫెంటనిల్ ముంచుకొచ్చింది. దేశమంతటా మందుల మోతాదు మించి చనిపోయినవాళ్ళు 2021 నుంచి 2023 దాకా ఏటా లక్షకు పైనే. 2024లో ఆరెగాన్ శిక్షలు మళ్ళీ తెచ్చింది. పోర్చుగల్ 2001లో ఇలాంటి పనే చేసి నిలబెట్టుకుందంటే, పట్టుబడ్డ మనిషిని ఒక కమిటీ ముందుకు రప్పించి చికిత్స వైపు నడిపించే ఏర్పాటు ముందే చేసుకుంది గనక. చట్టం సడలించడం ఒక సంతకం పని, ఆస్పత్రి కట్టడం ఏళ్ళ పని. అభ్యర్థిని అడగవలసింది ఈ రెండో దాని గురించి.

మన ఇంటికి వచ్చేసరికి

పౌరసత్వం ఉన్నవాడికీ లేనివాడికీ ఈ విషయంలో చట్టం ఒకటి కాదు. వలస చట్టం పూర్తిగా ఫెడరల్. న్యూజెర్సీలో రసీదు తీసుకుని కొన్నా, గ్రీన్ కార్డు మీదున్న మనిషికి అది ఫెడరల్ నేరమే. శిక్ష పడకపోయినా, అధికారి ముందు ఒప్పుకున్నా చాలు, ప్రవేశానికి అనర్హత రావచ్చు. వీసాకు నింపే డి.ఎస్.160లో, గ్రీన్ కార్డు వైద్య పరీక్షలో ఈ ప్రశ్నలు ఉంటాయి. రాష్ట్రం ఒప్పుకున్న గంజాయి వ్యాపారంలో ఉద్యోగం చేసినా పౌరసత్వానికి కావలసిన సత్ప్రవర్తన లేదనవచ్చని 2019 ఏప్రిల్లో ఇమిగ్రేషన్ శాఖ స్పష్టం చేసింది. ముప్ఫై గ్రాముల లోపు, ఒకే ఒక్కసారి, సొంతానికి ఉంచుకున్న కేసులో దేశం నుంచి పంపెయ్యకుండా మినహాయింపు ఉంది. కానీ అదే మనిషి ఇండియా వెళ్ళి తిరిగి వస్తే విమానాశ్రయంలో వేరే నిబంధన ఎదురవుతుంది.

నాకు తెలిసిన ఒక కుర్రాడికి ఇలాంటి దుకాణాల లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ కంపెనీలో మంచి కాంట్రాక్టు వచ్చింది. పౌరసత్వ దరఖాస్తు ముందుంది. లాయరు వద్దన్నాడు, వదులుకున్నాడు. కోడు రాయడం కూడా ఆలోచించవలసిన విషయమా అని వాళ్ళ నాన్న ఆశ్చర్యపోయాడు. ఔను, ఆలోచించవలసిందే.

రాష్ట్రం రికార్డు కొట్టేసినా వలస చట్టం సాధారణంగా దాన్ని లెక్కలోకి తీసుకోదు. 2022 అక్టోబరులో బైడెన్ ఇచ్చిన క్షమాభిక్ష పౌరులకూ గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకే, హెచ్1 వాళ్ళకి కాదు. 2025 డిసెంబరులో ట్రంప్ గంజాయిని మూడో షెడ్యూల్‌కి దించే పని త్వరగా ముగించమని ఉత్తర్వు ఇచ్చారు. అది పూర్తయినా మనకు ఒరిగేది లేదు. ఎందుకంటే వలస చట్టం అడిగేది ఏ షెడ్యూలని కాదు, అయిదింటిలో ఎక్కడైనా ఉందా అని.

ఇక్కడే మోర్ యాక్ట్ గుర్తు చేసుకోవాలి. గంజాయిని షెడ్యూళ్ళ నుంచే తీసెయ్యడంతో పాటు, దాని కారణంగా వలసదారులకు ప్రయోజనాలు నిరాకరించకూడదన్న నిబంధన అందులో ఉంది. ప్రతినిధుల సభ 2020లో, 2022లో ఆమోదించింది, సెనేట్‌లో ఆగిపోయింది. మన బతుకులకు నేరుగా తగిలే ఆ వాక్యం గురించి మన సభల్లో ఎవరూ మాట్లాడగా నేను వినలేదు.

అందుకని ఓటున్నవాళ్ళం, మనల్ని విరాళాలు అడగడానికి వచ్చే అభ్యర్థుల్ని మూడు ప్రశ్నలు అడుగుదాం. మీరంటున్నది ఆ మూడు మాటల్లో ఏది? చికిత్సకు డబ్బు ఎక్కడ? పౌరులు కానివాళ్ళ సంగతి ఏమిటి? మూడోదానికి జవాబు లేకపోతే ఆ హామీ మన ఇంటి గుమ్మం దాకా రాదు. పిల్లలకు మాత్రం ఎన్నికల దాకా ఆగకుండా ఈ రోజే చెప్పాలి. అక్క ఇక్కడే పుట్టి పౌరురాలై, తమ్ముడు గ్రీన్ కార్డు మీద ఉన్న ఇళ్ళు మనలో ఉన్నాయి. చెల్లెలు హెచ్4 మీద ఉన్న ఇళ్ళూ ఉన్నాయి. ఒకే పార్టీలో ఒకే పని చేస్తే ఒకరికి ఏమీ కాదు, ఇంకొకరికి దేశమే పోవచ్చు. అధికారి అడిగితే అబద్ధం చెప్పమని నా సలహా కాదు, అది ఇంకో నేరం. అడిగే పరిస్థితి తెచ్చుకోవద్దని, అలాంటిదేదైనా జరిగి ఉంటే ఏ కాగితం మీదా సంతకం పెట్టకముందే ఇమిగ్రేషన్ లాయరుని కలవమని చెప్పండి.